అడగమని అనలేను

ద్వారకా కుబల్ మళ్ళీ వచ్చింది
దేవ్‌బాగ్ నుంచి తొలి బస్సులో.
ఒళ్ళో ప్లాస్టిక్ సంచి, సంచిలో అర్జీ,
పోయినసారి నేను చదవలేకపోయిన ముక్కలే,
ఈసారి ఎవరిచేతో టైపు కొట్టించింది.

"ట్రాలర్ యజమానిని ఎవరూ ఎందుకు అడగలేదు సాహెబ్?
దీపాలు ఆర్పేసి పోనివ్వమని
ఆ కుర్రాడికి ఫోన్లో చెప్పిందెవరు?"

చార్జిషీటు నూట పన్నెండు పేజీలు.
రాత్రి మళ్ళీ చదివాను.
అందులో గాలి వేగం ఉంది, ఆటుపోట్ల పట్టిక ఉంది,
విఠోబా కుబల్ ఊపిరితిత్తుల్లో
ఎంత ఉప్పునీరు నిండిందో ఉంది.
పగిలిన పడవ ఫొటోలు పద్నాలుగు.
ఫోను ఊసు లేదు.
ముద్దాయి ఒక్కడే: సుహాస్ తారీ, ఇరవై రెండేళ్ళు,
చుక్కాని పట్టిన చెయ్యి.
ఆ చేతి వెనక నోరెవరిదో
ఇన్‌స్పెక్టరుకు తోచలేదు,
లేదా బాగానే తోచింది.

కోపమొచ్చింది. రోజ్‌నామా తెరిచి
"తదుపరి దర్యాప్తు" అని రాశాను కూడా.
మూడో మాట దగ్గర కలం ఆగింది.

అభియోగాలు నమోదు చేసిన రోజు గుర్తుంది.
వాన. కరెంటు లేదు.
"ఒప్పుకోను" అన్న సుహాస్ గొంతు బల్లదాకా రాలేదు,
మళ్ళీ అనమన్నాను.
ఆ పొద్దుటిదాకా ఆ మాట నాది.
ఇంకా వెతకండి అని నేనే అనగలిగేవాణ్ణి.
ఆ రోజు లిస్టులో అరవై ఒక్క కేసులు.
ఈ ఫైలు మందంగా ఉందని సంతోషించాను.

ఇప్పుడు ముగ్గురు సాక్షులు బోనెక్కి దిగారు.
విచారణ ఒడ్డు వదిలేసింది.
పోలీసులే వచ్చి, ఇంకా వెతుకుతాం, అనుమతించండి అంటే
సరే అనొచ్చు.
అడగమని మాత్రం అనలేను.
నాది తలుపు తీసే పని,
తట్టే పని కాదు.

ద్వారకకు ఇది ఎలా చెప్పడం?
సెక్షను అంకెలు వదిలేసి ఆమె మాటల్లోనే చెప్పాను.
విని, "అంటే వల మీ దగ్గరుంది,
విసరడం వాళ్ళిష్టం" అంది.
కాదనడానికి నోరు రాలేదు.
కాసేపాగి, "ఆ సుహాస్ కూడా వాళ్ళమ్మకు ఒక్కడే" అంది,
నాతో కాదు.

హద్దు ఎందుకుందో నాకు తెలుసు.
కొత్తలో నేను చూసిన ఒక పెద్దాయన
సాక్షి తడబడినప్పుడల్లా పోలీసుల్ని మళ్ళీ పంపేవాడు.
ముద్దాయి బోనులోనే జుట్టు నెరిసిపోయాడు.
తీర్పు చెప్పేవాడే వేటకూ దిగితే
లేడి ఎవరికి మొరపెట్టుకోవాలి?
తెలుసు.
తెలిసినంత మాత్రాన
ఎదుటి మనిషి చూపు పక్కకు తిరగదు.

అర్జీ కొట్టేశాను.
పై కోర్టుకు వెళ్ళొచ్చని చెప్పాను.
అక్కడికి బస్సు ఛార్జీ ఎంతవుతుందని అడిగింది.

మధ్యాహ్నం నాలుగో సాక్షి:
ఐసు ఫ్యాక్టరీ గుమస్తా, గజానన్ ఖోబ్రేకర్.
ప్రాసిక్యూటరు రెండు ప్రశ్నలడిగి కూర్చున్నాడు.
ఎదుటి లాయరు లేవనేలేదు.
గుమస్తా కాలు అప్పటికే కింది మెట్టు మీదుంది.

"ఆగండి" అన్నాను.
దర్యాప్తు నాది కాదు. కానీ నా ఎదుట
ప్రమాణం చేసిన మనిషిని ఒక మాట అడగడం నాదే.
"ఆ రాత్రి ఆ ట్రాలర్‌కు నలభై దిమ్మల ఐసు
ఫోను చేసి వేయించిందెవరు?"

స్టెనో వేళ్ళు కీల మీద ఆగాయి.
గుమస్తా సుహాస్ వైపు చూడలేదు,
నా వైపూ చూడలేదు.
వెనక బెంచీలో, ప్రతి వాయిదాకూ వచ్చి
ఉతికిన తెల్లచొక్కాలో ఊరికే కూర్చునే
ఒక పెద్దమనిషి వైపు చూశాడు.

"రాసుకోండి" అన్నాను స్టెనోతో,
"జవాబు చెప్పే ముందు సాక్షి
వెనక బెంచీ వైపు చూశాడు."

ద్వారక సంచి ముడి విప్పి
మళ్ళీ వేసింది.
జవాబింకా రాలేదు.